తెగని దారం

రేపల్లె,
శుక్రవారం

ప్రియమైన సుమయా ఆపాకి,

అస్సలాము అలైకుమ్. నువ్వూ, బావా, పాపా కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను కులాసాగా లేను. కోపంగా ఉన్నాను.

ఈ కాగితం మడతలో మెమరీ కార్డు ఉంది, చూసి విప్పు. వాట్సాప్‌లో పంపితే ఫొటోని నలిపి ఈకలన్నీ ముద్ద చేస్తుంది. అందుకని రేపల్లె–తెనాలి బస్సు కండక్టర్ ఫ్రాన్సిస్ గారి చేతికిస్తున్నాను. ఉత్త కార్డు ఇస్తే ఎక్కడో జారిపోతుందని కాగితంలో చుట్టాను. చుట్టే కాగితం ఖాళీగా పంపడం దేనికని రాస్తున్నాను.

వారం రోజులుగా అబ్బా మోపెడ్ తీసుకుని నిజాంపట్నం దారిలో రొయ్యల చెరువుల గట్ల మీద తిరుగుతున్నాను, గద్దల కోసం. తెల్ల తల, ఇటుక రంగు రెక్కలూ ఉంటాయే, ఊళ్ళో వాళ్ళు గరుత్మంతుడని లెంపలేసుకుంటారే, ఆ గద్దలు. ఎగిరే గద్దని తీయడమంటే ఏంటో పెళ్ళి ఫొటోలు దిద్దేదానివి, నీకెలా చెప్పను? పెళ్ళికూతురు ఆగమంటే ఆగుతుంది, గడ్డం ఎత్తమంటే ఎత్తుతుంది. ఇది లెన్స్‌లో పడేసరికి మలుపు తిరుగుతుంది. తల దొరికితే రెక్క బయటికి పోతుంది. రెక్కలు రెండూ దొరికితే ఫోకస్ వెళ్ళి వెనకున్న తాడిచెట్టు మీద కూర్చుంటుంది. ఎండ ముదిరితే చెరువు మీద ఆవిరికి బొమ్మంతా వణుకుతుంది. అలా బొత్తాం నొక్కి పట్టుకుని తీసిన వరసలో అన్నీ మసకే. ఒక్కదాంట్లో మాత్రం కన్ను పదునుగా పడింది. ఆ కన్ను నన్నే చూస్తోంది.

దాని ఎడమ కాలికి దారం ఉంది ఆపా. కాలికి బిగిసిపోయి, మిగిలింది గాలిలో వెనక్కి వేలాడుతోంది. దాన్ని ఈడ్చుకుంటూ ఎగురుతోంది.

ఆ దారం ఎక్కడిదో నీకు తెలియకపోవచ్చు. పిట్టలు వాలి రొయ్యల్ని ఎత్తుకుపోకుండా చెరువు మీద ఈ గట్టు నుంచి ఆ గట్టుకి కంటికి ఆనని సన్న దారాలు కడతారు. మనకే కనపడవు. నీళ్ళలో రొయ్యని చూసుకుంటూ పైనుంచి దూకే గద్దకి ఏం కనపడతాయి? రెక్క తగిలితే రెక్క పోతుంది, కాలు చిక్కుకుంటే కాలు పోతుంది. పొద్దున లేచి ఆకాశంలో గద్దని చూసి దణ్ణం పెట్టిన చేతులే ఆ దారం కడతాయి. వీళ్ళ భక్తి గద్ద పైన ఉన్నంతసేపే. కిందికి దిగితే దానికి ఉరి.

మన కొట్టు సంగతి వేరు. అబ్బా పడవ ఎక్కేవాళ్ళకి వలలూ తాళ్ళూ అమ్ముతాడు, అది ఒళ్ళొంచి బతికేవాళ్ళ సరుకు. ఈ దారం ఎక్కడో మిల్లులో పుట్టి లారీల్లో దిగుతుంది. తయారు చేసేవాడికి గద్ద ఎలా ఉంటుందో కూడా తెలిసి ఉండదు.

బాపట్లలో పక్షి మిత్రుల సంఘం వాళ్ళు ఫొటోల ప్రదర్శన పెడుతున్నారు. దానికి పంపాలి. శీర్షిక ‘దణ్ణం పెట్టి ఉరి’. ఫొటో కింద అంటించడానికి ఒక వాక్యం కూడా రాశాను: ‘చూసి ఊరుకున్నవాడూ దారం పట్టుకున్నవాడే.’ కరపత్రంలో కొట్టుకొచ్చింది కాదు, నేను రాసిందే.

ఇక నీ పని. గద్ద పొట్ట నీడలో నల్లగా పడింది, వెలుగు పెంచు. గరుకు తగ్గించు. చుట్టూ కత్తిరించు. అంతే. ఏదీ కలపొద్దు, ఏదీ తీయొద్దు. దారం వెంట అక్కడక్కడా ఎర్ర చుక్కలు కనిపిస్తున్నాయి. అవి నా పాత లెన్స్ దోషం. వెలుగుకి ఎదురుగా సన్న గీత ఉంటే అంచున ఇలాంటి రంగులు పూస్తుంది. ఆ ఎరుపొక్కటీ తుడిచెయ్. దారాన్ని మాత్రం ముట్టుకోకు. దారమే ఫొటో.

నీ మీద నమ్మకంతో, లోకం మీద కోపంతో,
నీ తమ్ముడు
నాసిర్


తెనాలి,
బుధవారం

ప్రియమైన తమ్ముడు నాసిర్‌కి,

వాలైకుమ్ అస్సలామ్. కార్డు అందింది. ఫ్రాన్సిస్ గారు కవరిస్తూ, “మీ తమ్ముడు అడ్రసు కూడా కోపంగానే రాశాడమ్మా, పెన్ను అవతలికి దిగింది” అన్నారు. నీ కార్డు తిరిగి ఇందులోనే పెడుతున్నాను. ఏదీ చెరపలేదు, నీ అసలు ఫొటో అందులో అలాగే ఉంది.

ఇక్కడ పెళ్ళిళ్ళ కాలం, ఊపిరాడటం లేదు. బావ తీసుకొస్తాడు, నేను దిద్దుతాను. రోజంతా ఆకాశంలో కరెంటు తీగలు తీయడం, షామియానా తాళ్ళు తీయడం, పెళ్ళికొడుకు వెనక చేయి చాపి నిలబడ్డ వంటవాడిని తీయడం. మొన్న దుగ్గిరాల పెళ్ళివారి మేనత్త మాణిక్యమ్మ గారని వచ్చి, నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. “మెడ మీద ముడతలు తీసెయ్యమ్మా, కాసులపేరు మాత్రం అంగుళం జరగకూడదు” అంటుంది. తీశాను. “ఇదేంటి, మెడ నాది కాదే” అంటుంది. మళ్ళీ పెట్టాను. బిస్కెట్లు తినేసి వెళ్ళింది.

నీ గద్ద ముందు కూడా చాలాసేపు కూర్చున్నాను. కన్ను బాగా పడింది. రెక్క కొసన మసక ఉన్నా బాగుంది, అది ఎగురుతోందని ఆ మసకే చెబుతోంది. నువ్వు చేయి తిరిగినవాడివి అయ్యావు, అది మాత్రం నిజం. బావకి బాపట్లలో పని పడితే ప్రింటు తీయించి ఆయన చేతే పంపించేశాను. గడువు దగ్గర పడింది, నీకు చూపించడం కుదరలేదు.

రెండు మాటలు అడుగుతాను, విసుక్కోకు. ఇది ఎవరి చెరువుల దగ్గర తీశావు? అబ్బాకి చూపించావా? చూపించకపోతే నేను వచ్చేదాకా చూపించకు.

అమ్మీ ఇంకా తనే దారం పేనుతోందా? ఎర్ర పోగు కలిపేటప్పుడు కళ్ళు లాగుతున్నాయని మొన్న ఫోన్లో అంది. నువ్వు రోజూ కాసేపు కొట్లో కూర్చోరాదూ. కరపత్రాలు అక్కడ కూర్చుని కూడా చదువుకోవచ్చు.

అన్నం వేళకి తిను.

నీ ఆపా
సుమయా


బాపట్ల,
గురువారం

సుమయా ఆపాకి,

ప్రియమైన అని రాయడానికి ఇవాళ చేయి రావడం లేదు.

నా స్నేహితుడు గౌతమ్ గదిలో కూర్చుని రాస్తున్నాను. పొద్దున మేమిద్దరం ప్రదర్శనకి వెళ్ళాం. కల్యాణమండపం గుమ్మంలోకి అడుగు పెట్టగానే ఎదురుగా నా ఫొటో. మూలకి ఎర్ర రిబ్బను. మొదటి బహుమతి. గౌతమ్ నా వీపు మీద చరిచాడు. నేను దగ్గరికి వెళ్ళాను. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. గద్ద కాలు నున్నగా ఉంది. దారం లేదు. కింద ‘స్వేచ్ఛ’ అని రాసి ఉంది.

స్వేచ్ఛట.

ఆ సంఘం అధ్యక్షులు హనుమంతరావు గారు వచ్చి నా చేయి పట్టుకుని, “ఎంత శుభ్రమైన ఆకాశం బాబూ, ఒక్క మరక లేదు, అందుకే అందరం దీనికే ఓటేశాం” అన్నారు. ఆయన పక్కన వీరాస్వామి గారని ఒకాయన. ప్రదర్శన ఖర్చు ఆయనదే. ఆయన ఎవరనుకున్నావు? నేను ఫొటో తీసిన చెరువులు ఆయనవే. ఎవరి చెరువులని అడిగావుగా, ఇదిగో జవాబు. ఆయన నా గద్దని చూసి రెండు చేతులూ జోడించి, “నాకొకటి పెద్దది చేయించి పెట్టు బాబూ, చెరువు దగ్గర ఆఫీసు గదిలో తగిలిస్తా. పొద్దున్నే స్వామి దర్శనం” అన్నాడు. నీ చెరువు దారమే ఆ స్వామికి ఉరి అనబోయాను. గౌతమ్ నా మోచెయ్యి గిల్లి, “నోరు మూసుకుని థాంక్సండీ అనరా” అన్నాడు. నేను అన్లేదు. ఆయన నా మౌనాన్ని వినయం అనుకున్నాడు. అది ఇంకా మండింది.

ఆపా, ఏం చేశావు నువ్వు? ఏదీ తీయొద్దన్నాను. దారమే ఫొటో అన్నాను. అక్షరాలు కనపడలేదా, లేక అవి కూడా మరకల్లా కనిపించాయా? నీ చేతికి అలవాటైపోయింది. గీత కనపడితే తుడిచెయ్యడం, పుట్టుమచ్చ కనపడితే పూడ్చెయ్యడం. రోజూ లోకానికి సున్నం కొట్టీ కొట్టీ నీకు గోడకీ గాయానికీ తేడా తెలియకుండా పోయింది. మాణిక్యమ్మ గారి మెడ నీ ఇష్టం. ఆ గద్ద కాలు నీది కాదు. అది ఆ దారంతో ఇప్పుడు ఏ చెట్టుకి తగులుకుని తలకిందులుగా వేలాడుతోందో. దాని బాధని కాగితం మీద కూడా ఉండనివ్వలేదు నువ్వు.

వాళ్ళు చెరువు మీద దారాన్ని గద్దకి కనపడకుండా కట్టారు. నువ్వు ఫొటోలో దారాన్ని మనుషులకి కనపడకుండా చేశావు. చెప్పు, వాళ్ళకీ నీకూ తేడా ఏంటి?

ఆదివారం బహుమతుల సభ. వేదిక ఎక్కుతాను. అసలు ఫొటో తెర మీద వేయిస్తాను. దీన్ని మా అక్కే మార్చిందని చెబుతాను, దాచను. కట్టినవాడి పేరు తెలిసింది. అమ్మినవాడెవడో, తయారు చేసినవాడెవడో అది కూడా కనుక్కుని పేరుపేరునా చదువుతాను. వీరాస్వామి గారు ముందు వరసలోనే కూర్చుంటాడు, దర్శనం చేసుకోనీ.

ఫోన్ స్విచాఫ్ చేశాను. ఫోన్లో నువ్వు ఏడిస్తే నేను మెత్తబడతాను. కాగితం మీద ఏడిస్తే ఆరిపోతుంది.

ఉన్నది ఉన్నట్టే ఉంచే తమ్ముడు,
నాసిర్


తెనాలి,
శుక్రవారం

ప్రియమైన నాసిర్‌కి,

నాకు ఆ మాట రాయడానికి చేయి వస్తోంది. నీలా కాదు.

బావ రేపు పొద్దున బాపట్ల మీదుగా చీరాల వెళ్తున్నాడు, ఇది ఆయన చేతికిస్తున్నాను. నీ ఉత్తరం ఆయనకీ చదివి వినిపించాను. “సభలో మన పేరు చెబుతాడట, స్టూడియోకి ఉచితంగా ప్రచారం” అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఏడుపూ రాలేదు, ఆ దిగులు పెట్టుకోకు. కోపం వచ్చింది. కోపం నీ ఒక్కడి సొత్తు అనుకుంటున్నావేమో.

నా చేతికి అలవాటైపోయి తుడిచానా? సరే. నేను చెప్పింది చెయ్, తర్వాత తిట్టు. గౌతమ్ దగ్గర కంప్యూటర్ ఉంది కదా. ఇన్నాళ్ళూ ఆ ఫొటోని నువ్వు చూసింది కెమెరా వెనకున్న అగ్గిపెట్టెంత తెర మీద. కార్డు పెట్టి, దారం మీదికి వెళ్ళి పెద్దది చెయ్. ఇంకా పెద్దది చెయ్. లెన్స్ దోషమన్నావే, ఆ ఎరుపు చూడు. లెన్స్ దోషమైతే రెక్క అంచునా పూయాలి, ముక్కు అంచునా పూయాలి. అక్కడ లేదు. దారం మీదే ఉంది. అదీ అంచున లేదు. దారం చుట్టూ తిరుగుతోంది. కనపడుతుంది, వెనక్కి వెళ్తుంది, మళ్ళీ ముందుకొస్తుంది.

రెండు తెల్ల పోగులకి ఒక ఎర్ర పోగు కలిపి పేనితే అలా తిరుగుతుంది. నా చిన్నప్పటి నుంచీ పెళ్ళయ్యేదాకా ఆ చక్రం తిప్పిన చేయి ఇది. ఎవడో నాసిరకం దారం తెచ్చి మన హుస్సేన్ కొట్టు దారమని అమ్ముతున్నాడని, మన సరుకు జనం గుర్తుపట్టాలని అబ్బా పెట్టిన గుర్తు అది. ‘ఎర్ర పోగు చూసి కొనండి’ అని కొట్టు బోర్డు మీద ఉంటుంది. దాని కింద నుంచే నువ్వు రోజూ మోపెడ్ బయటికి తీస్తావు.

పడవలు తగ్గాయిరా. వలలు కొనేవాళ్ళు తగ్గారు. చాలాకాలంగా అబ్బా ఎక్కువగా అమ్మేది చెరువులవాళ్ళకే. నువ్వు కొట్లో కూర్చోవు కాబట్టి నీకు తెలియదు. అడగనూ లేదు. మిల్లు అన్నావు, లారీ అన్నావు. ఆ మిల్లు మన వంటింటి వెనక వసారా. దాన్ని నడిపేది అమ్మీ.

ఇప్పుడు నువ్వు ఏం తీయమన్నావో గుర్తు తెచ్చుకో. ఎరుపు తుడిచి దారం ఉంచమన్నావు. నేను నీ మాట అక్షరాలా విని ఉంటే ఏమయ్యేది? ఆ దారం ఊళ్ళో అందరి మీదా నేరం మోపేది. మన గుమ్మం ఒక్కటీ తప్పించుకునేది. అంతకంటే పెద్ద అబద్ధం నేను ఏ పెళ్ళి ఆల్బమ్‌లోనూ చేయలేదు. ఉంచితే మొత్తం ఉంచాలి, తీస్తే మొత్తం తీయాలి. ఉంచే ధైర్యం నాకు లేకపోయింది. దారం తీశాక నీ శీర్షిక కుదరదని ‘స్వేచ్ఛ’ అని మార్చిందీ నేనే. అది నా తప్పే, ఒప్పుకుంటాను. కానీ నువ్వన్న తప్పు కాదు.

నీకు ముందే ఎందుకు చెప్పలేదంటావు. చెబితే నువ్వు అబ్బాని అడగవు. అబ్బా ఎదురుగా నిలబడి కరపత్రం చదువుతావు.

ఆదివారం నీ ఇష్టం. పేరుపేరునా చదువుతానన్నావు, మొదటి పేరు ఎవరిదో తెలిసింది కదా. చూసి ఊరుకున్నవాడూ దారం పట్టుకున్నవాడే అని రాశావు. మరి పేనినదాన్ని ఏమంటారో అది కూడా రాయి.

నీ ఆపా
సుమయా


రేపల్లె,
మంగళవారం

ప్రియమైన ఆపాకి,

చేయి వచ్చింది. ఆలస్యంగా వచ్చింది.

గౌతమ్ కంప్యూటర్‌లో పెద్దది చేసి చూశాను. నువ్వన్నట్టే తిరుగుతోంది. గౌతమ్ నా మొహం చూసి, “ఏంట్రా, దారం నీ కాలికి చుట్టుకుందా?” అన్నాడు. ఆ కాలు ఉన్న ముక్క ఒక్కటీ కాగితం నిండా వచ్చేట్టు ప్రింటు తీయించి, శనివారం మధ్యాహ్నం బస్సుకే రేపల్లె వచ్చేశాను. దారి పొడవునా అబ్బాతో ఏం అనాలో కూర్చుకుంటూనే వచ్చాను. మంచి మాటలు దొరికాయి. ఒక్కటీ పనికి రాలేదు.

కొట్లో అబ్బా కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని తాళ్ళు చుడుతున్నాడు. ఫొటో ఆయన ముందు పెట్టాను.

“ఏంట్రా ఇది?”

“గద్ద కాలు. దారం చూడు.”

కళ్ళజోడు దించుకున్నాడు. లుంగీ అంచుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. ఆపా, ఆయన మొహం వెలిగిపోయింది. “మన దారమే,” అన్నాడు. “చూశావా, అంత పిట్ట పెనుగులాడి లాక్కుపోయినా పోగు విడలేదు. ఇది వీరాస్వామి గారికి చూపించాలి, పై ఊళ్ళ దారం గట్టిదంటాడు మొన్న.”

అరుద్దామనుకున్నవాడిని, అంత సంతోషంలో ఉన్న మనిషి మీద ఎక్కడ మొదలుపెట్టి అరవాలో తెలియలేదు. కర్టెన్ వెనక నుంచి అమ్మీ వచ్చి ఫొటో చేతిలోకి తీసుకుంది. చాలాసేపు చూసింది. “దాని కాలు ఉంటుందా?” అంది. అంతే అంది.

“ఉండదు అమ్మీ. బిగిసిపోయింది.”

అబ్బా ఫొటోని బోర్లా తిప్పి పెట్టాడు. అప్పుడే ఎవరో వచ్చి, “పిట్టల దారం ఉందాండీ?” అన్నాడు. అబ్బా లేచి తూచి ఇచ్చాడు. నా కళ్ళ ముందే. నాకు అప్పుడు వచ్చింది నోరు. వాడు అటు వెళ్ళగానే రోడ్డు మీదికి వినపడేట్టు అరిచాను. సిగ్గు లేదా అన్నాను ఆపా, అబ్బాని. ఆయన చివరిదాకా విన్నాడు. ఆ తర్వాత, “నేను అమ్మకపోతే వాడు చీరాల వెళ్ళి కొంటాడు. దానికి ఎర్ర పోగు ఉండదు. అప్పుడు ఎవరి కొట్టు ముందు నిలబడి అరుస్తావు?” అన్నాడు. కొట్టు సగం దించి లోపలికి వెళ్ళిపోయాడు.

నాకు ఇప్పటికీ దానికి జవాబు తెలియదు. తెలియకపోవడం మీద కూడా కోపంగానే ఉంది.

ఆదివారం వెళ్ళాను. వెళ్ళకపోతే నేను నీ కంటే ఎక్కువ తుడిచినవాడిని అవుతాను. వేదిక ఎక్కి అసలు ఫొటో వేయించాను. “ఈ గద్ద కాలికి దారం ఉంది. ప్రదర్శనలో ఉన్నదాంట్లో లేదు. దారం కట్టింది వీరాస్వామి గారి చెరువు మీద. దారం రేపల్లె హుస్సేన్ కొట్టుది. ఆయన మా నాన్న. పేనేది మా అమ్మ. చిన్నప్పుడు మా అక్క పేనింది. దాని మీద బతికి, అది ఏంటో చూడనివాడిని నేను” అన్నాను. వరస అలా వచ్చింది. నీ పేరు మార్చినదానిగా చెప్పలేదు. తీసింది నా కోసమే, కనుక నేనే తీయించానన్నాను. కోప్పడకు, అది అబద్ధం కాదు. ఎరుపు తీయమన్నది నేనేగా.

హనుమంతరావు గారు ఎర్రబడ్డారు. దారం సంగతి ఒక్క మాట అడగలేదు ఆయన. “మార్చిన ఫొటో పంపడం నియమాలకి విరుద్ధం బాబూ” అని రిబ్బను తీయించేశారు. తీస్తే తీయించారు. కానీ వచ్చే ఏడు ప్రదర్శనకని అచ్చు వేయించిన కాగితాల మీద నా గద్దే ఉంది, దారం లేని గద్ద. ఆ కట్టల సంగతి అడుగుతుంటే, “అచ్చయిపోయాయి, ఏం చేస్తాం” అంటారు. మార్చిన ఫొటోకి బహుమతి కూడదు, అచ్చుకి మాత్రం పనికొస్తుంది. ఇదీ వీళ్ళ పక్షి ప్రేమ.

వీరాస్వామి గారు మాత్రం కూర్చున్నచోటు నుంచే పెద్దగా నవ్వాడు. “హుస్సేన్ సాయిబు దారమని నాకెందుకు తెలీదు, మా చెరువులన్నిటి మీదా అదేగా. ఇందులో దాచేదేముంది? పిట్టలకి దయ తలిస్తే రొయ్యలు నాకెవరు పెంచుతారు, నువ్వా?” అన్నాడు. జనం కూడా నవ్వారు. నేను అక్కడే నిలబడ్డాను, మైకు పట్టుకుని.

అప్పుడు వెనక వరసలో ఒకాయన లేచాడు. జుమ్మా నమాజుకి వేసుకునే తెల్ల చొక్కా, టోపీ. అబ్బా. ఎప్పుడొచ్చాడో, ఏ బస్సుకొచ్చాడో. నాతో ఒక్క మాట చెప్పలేదు.

“మా వాడు అన్నది నిజమేనండీ,” అన్నాడు. “నా దారం తెగదు. తెగితే మీరే నన్ను తిడతారు. తెగేట్టు నేను చెయ్యలేను. కానీ తెగని దారం కనపడాలి గదండీ. కనపడేట్టు చేస్తా.” అని కూర్చున్నాడు.

తిరుగు బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. భట్టిప్రోలు దాటాం. తర్వాత కిటికీలోకి చూస్తూ, “సుమయా వాళ్ళ స్టూడియోలో ఆల్బమ్ అంచులు కోస్తారే, ఆ మెరిసే ముక్కలు ఏం చేస్తారు?” అన్నాడు. తడవవు కదా అని కూడా అడిగాడు. దారానికి జానెడు జానెడు దూరంలో ఒక్కో ముక్క ముడేస్తే ఎండకి తళుక్కుమంటాయట, గద్ద పై నుంచే చూసి తప్పుకుంటుందట. నిన్న అబ్బా వెళ్ళి అడిగితే వీరాస్వామి గారు ఒప్పుకున్నాడు, ఒకే ఒక్క చెరువుకి, మూల మీది చిన్నదానికి. “రొయ్య బెదిరిందో, ఆ దారం తెచ్చి మీ ఇంటి మీద కడతా సాయిబూ” అన్నాడు.

ఒక్క చెరువు. మిగతావన్నీ అలాగే ఉన్నాయి. దీనికి సంతోషించమంటావా? నేను సంతోషించను. కానీ ముక్కలు పంపు.

ఇప్పుడు కొట్లో కూర్చునే రాస్తున్నాను.

నీ తమ్ముడు
నాసిర్


తెనాలి,
సోమవారం

ప్రియమైన నాసిర్‌కి,

బస్తా పంపుతున్నాను. ఫ్రాన్సిస్ గారు, “ఈసారి ఉత్తరం లావుగా ఉందేంటమ్మా” అన్నారు. ఊళ్ళో మిగతా స్టూడియోలకి కూడా చెప్పి కూడబెట్టాను. చూసి ముడెయ్యండి, కొన్నిటి మీద పెళ్ళికూతుళ్ళ గాజుల చేతులూ, మామగార్ల చెవులూ ఉంటాయి. మాణిక్యమ్మ గారి అసలు మెడ కూడా ఎక్కడో ఉంది.

అబ్బా నాకు ఫోన్ చేశాడు. నువ్వు రోడ్డు మీదికి వినపడేట్టు అరిచావని చెప్పాడు. “గొంతు నాదే వచ్చింది వాడికి” అన్నాడు. నవ్వుతూ అన్నాడో లేదో ఫోన్లో తెలియలేదు.

నీ ఆపా
సుమయా


రేపల్లె,
శనివారం

ప్రియమైన ఆపాకి,

ఈ మడతలో కార్డు ఉంది. అందులో ఒక్కటే ఫొటో.

అమ్మీ, నేనూ కలిసి ముడులు వేశాం. అబ్బా కట్టాడు. రొయ్య బెదరలేదు. వీరాస్వామి గారు రోజూ వచ్చి గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడుతున్నాడు, రెండో చెరువు సంగతి మాత్రం ఎత్తడు. ఎత్తేదాకా నేనే ఎత్తుతాను. సంఘం వాళ్ళకి అచ్చు కాగితాల గురించి మళ్ళీ రాశాను. జవాబు లేదు. మళ్ళీ రాస్తాను.

నిన్న ఎండెక్కాక ఒక గద్ద వచ్చింది. తెల్ల తల, ఇటుక రంగు రెక్కలు. మూల చెరువు మీదికి వాటంగా దిగింది. దారాల దాకా వచ్చి, ముక్కలు తళుక్కుమనగానే గాలిలో నిలువునా లేచిపోయింది. నేను కంగారులో నొక్కాను. ఫోకస్ ముక్కల మీద పడింది, గద్ద మసక. కుడి రెక్క సగం ఫ్రేములో లేదు. ఆకాశం తెల్లగా పాలిపోయింది. కింద దారం మీద వరసగా మెరుపులు, ఒక మెరుపులో ఎవరిదో గోరింటాకు వేలు. ఏ ప్రదర్శనైనా దీన్ని గుమ్మం అవతలే ఆపేస్తుంది. దీని జోలికి పోకు. వెలుగు పెంచొద్దు, గరుకు తగ్గించొద్దు, కత్తిరించొద్దు. ఉన్నది ఉన్నట్టు ప్రింటు తీసి పంపు. అబ్బా బోర్డు పక్కన తగిలించమన్నాడు.

ఆనాటి గద్ద ఇదేనో కాదో నాకు తెలియదు. అది దారం వదిలించుకుని బతికిందో, ఎక్కడో రాలిపోయి ఇది వేరొకటో, ఎప్పటికీ తెలియదు. బాపట్ల వెళ్ళి గౌతమ్ కంప్యూటర్‌లో పెట్టి, పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి చూశాను. మసకలోనే కాళ్ళు రెండూ కనిపిస్తున్నాయి. దారం లేదు.

ఈసారి అది నువ్వు తీసింది కాదు.

నీ తమ్ముడు
నాసిర్